టైలరమ్మ విప్పిన ఎర్ర కుట్లు

టైలరమ్మ తన తమ్ముడి పేరును అతని చొక్కాలన్నిటి మీంచీ బ్లేడుతో కోసిపారేసిందనీ, ఆస్తి తగాదాలో అక్కాతమ్ముళ్ళకు మాటలు లేకుండా పోయాయనీ వీధిలో ఒక కబురు తిరుగుతోంది. అది పుట్టింది కూరగాయల బండి దగ్గర. ఇస్త్రీ కొట్టు దాకా నడిచేసరికి దానికి ఒక లాయరు కూడా తోడయ్యాడు. ఇందులో నిజం బ్లేడు ఒక్కటే. చొక్కాలు కూడా నిజమే అనుకోండి. మిగిలినదంతా ఊసుపోక అల్లినది. ఆ ఇంట్లో పంచుకోవడానికి ఒక కుట్టుమిషనూ, ఒక డ్రైవింగ్ లైసెన్సూ తప్ప మరేమీ లేవు. పైగా, ఆ కాలర్ల వెనక ఉన్నది అసలు పేరే కాదు.

అసలు సంగతి చెప్పాలంటే ముందు మనిషి గురించి చెప్పాలి. టైలరమ్మది కింది గది. వెలుతురు బాగా వచ్చే కిటికీ కింద మిషను, గోడ మేకులకు కొలతల ప్రకారం కత్తిరించిన కాగితాలు, సీసాల్లో గుండీలు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆవిడ ముందు భుజాలు చూస్తుంది, తరవాతే మొహం. "నీ ఎడమ భుజం కాస్త దిగిందే, ఏం మోస్తున్నావు?" అని పలకరిస్తుంది. వచ్చినవాళ్ళు కొలతలిచ్చి, కష్టసుఖాలు కూడా చెప్పుకుని పోతుంటారు. తన సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు. అడిగితే నోట్లో గుండుసూదులు పెట్టుకుంటుంది.

మేడ మీద తమ్ముడి కాపురం. అతను లారీ నడుపుతాడు. మీసాలు నెరిశాయి, పొట్ట కూడా వచ్చింది. అయినా అక్క నోట ఇప్పటికీ చిన్నోడే. అతని భార్య, అంటే టైలరమ్మ మరదలు, గలగలా మాట్లాడే మనిషి. ఈ ఇద్దరు ఆడవాళ్ళ మధ్యా పోట్లాటలంటూ ఏమీ లేవు. చనువు కూడా అంతంతమాత్రమే. ఏది చెప్పుకోవాలన్నా మధ్యలో చిన్నోడు ఉండాల్సిందే. అతను లారీ మీద వెళ్ళినప్పుడు మేడా కిందా రెండు ఊళ్ళలా ఉండేవి.

చిన్నోడు నిజంగానే చిన్నవాడుగా ఉన్న రోజుల్లో వాళ్ళమ్మ ఒక బట్టల కంపెనీకి ఇంట్లోనే చొక్కాలు కుట్టిపెట్టేది. తండ్రి అప్పటికే లేడు. ఒకసారి పిల్లాడికి గొంతు వాచి, ముద్ద మింగలేక, ఒళ్ళు కాలిపోయింది. డాక్టరు పెన్సిలిన్ సిరప్ రాశాడు. సీసాలో పొడికి నీళ్ళు కలిపి ఇచ్చిన మందది. తల్లికి మిషను మీంచి లేచే తీరిక లేదు కాబట్టి అక్కే వేళకు సీసా బాగా ఊపి, దాంతో పాటు వచ్చిన కొలత మూతలో గీత దాకా పోసి, ముక్కు మూసి పట్టించేది. గొంతు నెమ్మదించింది. జ్వరం దిగింది. సరిగ్గా అప్పుడే ఎర్రగా దద్దుర్లు లేచాయి. పిల్లాడు గోక్కుంటూ ఏడుస్తుంటే తల్లి హడలిపోయి ఉన్న మందంతా పారబోసింది. డాక్టరు ఊళ్ళో లేడు. కాంపౌండరు గుమ్మంలోంచే తొంగి చూసి, మందు పడలేదనీ, ఈ పిల్లాడికి జన్మలో పెన్సిలిన్ ఇవ్వొద్దనీ, ఇస్తే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పాడు.

అనుమానం వచ్చినప్పుడు మందు ఆపి చెప్పడం మంచిదే. అందులో కాంపౌండరు తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాటను మళ్ళీ ఎవరూ తిరగేసి చూడలేదు. "ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, చచ్చి బతికాడు" అని తల్లి చెప్పిందే చెప్పేది. చిన్నోడికి నూనూగు మీసాలైనా రాకముందే ఆవిడ పోయింది. కూతురికి మిగిలినవి ఆ మిషనూ, ఆ తమ్ముడూ, ఆ మాటా. మూడింటినీ ఆవిడ ఒకేలా చూసుకుంది. మిషనుకు నూనె వేసినంత క్రమంగా, తమ్ముణ్ణి ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే, "అయ్యా, వీడికి పెన్సిలిన్ పడదు" అని మొదలుపెట్టేది.

చిన్నోడు లారీ ఎక్కాక ఆవిడకు కొత్త బెంగ పట్టుకుంది. దారిలో ఎక్కడో ఏదో జరిగి, మాట పెగలని స్థితిలో ఎవరో ఆస్పత్రిలో చేరిస్తే, అక్కడ ఈ మాట చెప్పేదెవరు? ఆలోచించి ఆలోచించి చొక్కాల చేతే చెప్పించాలని నిశ్చయించుకుంది. కాలరు లోపలి వైపు ఎర్రదారంతో, గుండ్రటి అక్షరాలతో, "ఇతనికి పెన్సిలిన్ పడదు" అని కుట్టింది. ఒక చొక్కాకు కాదు, ఉన్నవాటన్నిటికీ. బనియన్లనూ వదల్లేదు. మేడ మీద బట్టలు ఆరేసినప్పుడు మెడ వెనక ఎర్రగా కనబడితే, అంత దూరం నుంచి చదవలేక వీధిలో అందరూ పేరనుకున్నారు. తోటి డ్రైవర్లకు మాత్రం దగ్గరగా చూసే భాగ్యం కలిగింది. వాళ్ళు అతనికి "కాలరు" అని పేరు పెట్టేశారు. టీ కొట్లో ఒకడు మెడ వెనక వేలు పెట్టి చదివి, "ఇందులో ఎన్ని రోజులకోసారి ఉతకాలో కూడా రాసుంటే బాగుండేదిరా" అన్నాడట. చిన్నోడు నవ్వి ఊరుకునేవాడు. కుట్లు మెడకు గుచ్చుకుంటాయని ఒక్కనాడూ అనలేదు.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి బట్టలు ఉతుకుతూ అతని భార్య ఆ అక్షరాలు చూసింది. తడి చొక్కా పట్టుకుని కిందికి దిగివచ్చి, "వదినా, మీ తమ్ముడికి గ్యారంటీ కార్డేమైనా ఉందా, అది కూడా ఇచ్చేయండి" అంది. టైలరమ్మ నవ్వలేదు. దద్దుర్ల కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పి, చివర్న, "నేను లేనప్పుడు నువ్వు చెప్పాలి" అంది. కొత్తకోడలు నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల కూడా ఆ మాటను కాపాడుతూ వచ్చింది. పక్కింటావిడ ఒకసారి, మా ఆయనకు రాసిన మాత్రలు సగం మిగిలాయి, మీ ఆయన పంటినొప్పికి వేసి చూడమని ప్రేమగా తెచ్చిచ్చింది. ఈ పిల్ల వాటిని తీసుకెళ్ళి మందుల షాపులో చూపించింది. పేరు వేరైనా అవి పెన్సిలిన్ కుటుంబంలోవేనని షాపతను చెప్పాడు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగకూడదనీ, అసలు సగం మిగలడమే తప్పనీ, రాసినన్నాళ్ళూ వాడి ఉండాల్సిందనీ కూడా అన్నాడు. ఇంటికొచ్చి అదంతా వదినకు చెప్పింది.

ఇలా ఉండగా చిన్నోడి కాలికి జబ్బు చేసింది. పిక్క మీద ఏదో గీసుకుపోయింది. అది మానిందనుకునేలోగా చుట్టూ ఎర్రబడి, వాచి, చెయ్యి వేస్తే వేడిగా తగిలింది. చలిజ్వరం వచ్చింది. చర్మం కింద ఇన్ఫెక్షన్ అన్నారు. పెన్సిలిన్ ఇవ్వకూడదు కాబట్టి ఇంకో మందు రాశారు. అది కడుపులో తిప్పేసేది. అయినా వాడాడు, తగ్గింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. వేరే మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. వచ్చిన ప్రతిసారీ వాపు కొంచెం మిగిలిపోయేది. క్లచ్చి తొక్కే కాలది. చివరిసారి జ్వరంలో ఎవరు పిలుస్తున్నారో కూడా తెలియనంతగా పడిపోయి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది.

వీధి మలుపులో క్లినిక్కు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చూసి, ఈ జబ్బుకు అన్నిటికంటే బాగా పనిచేసేది పెన్సిలినేనని చెప్పింది. మీకు పడదని ఎవరు తేల్చారని అడిగింది. చిన్నోడు కాలరు వెనక్కి తిప్పి చూపించాడు. ఆవిడ నవ్వకుండా చదివి, ఆ దద్దుర్లు కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే తీసుకురమ్మంది.

మరదలు కిందికి దిగి వచ్చి ఆ సంగతి చెప్పింది. టైలరమ్మ మిషను ఆపలేదు. రానంది. తేల్చుకోవడానికి ఏముంది, తేలిపోయిందే కదా అంది.

"వదినా, ఆవిడ మందు మింగమనలేదు. అడిగి తెలుసుకుంటానంది, అంతే."

"ముందు అడుగుతారు, తరవాత మింగమంటారు. వాడు ఎలా గిలగిల్లాడాడో చూసిందాన్ని నేను. నువ్వు చూడలేదు."

"నిజమే, అది నేను చూడలేదు. ఈసారి జ్వరంలో ఆయన నన్ను గుర్తుపట్టకపోవడం మాత్రం నేనే చూశాను." ఆ పిల్ల మిషను దగ్గరికి జరిగింది. "నువ్వొద్దంటే ఆయన ఆ గుమ్మం తొక్కరు. నీ మాటే ఆయనకు వేదం. అందుకే నిన్ను బతిమాలుతున్నాను. ఒక్కసారి రా."

ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఆవిణ్ణి ఏదీ అంతగా అడగలేదు. టైలరమ్మ పాదం కింద మిషను ఆగింది.

క్లినిక్కులో డాక్టరమ్మ తీరిగ్గా అడిగింది. పెదాలు, నాలుక వాచాయా? ఊపిరి ఆడలేదా? వాంతులయ్యాయా? స్పృహ తప్పాడా? అవేవీ లేవని టైలరమ్మ చెప్పింది. ఒట్టి దద్దుర్లే, ఒళ్ళంతా.

"ఒళ్ళంతా అంటే ఎక్కడెక్కడమ్మా? కాస్త చూపించండి."

మాటల్లో చెప్పమంటే ఏమయ్యేదో గానీ, చూపించమనేసరికి టైలరమ్మ లేచి నిలబడింది. తమ్ముణ్ణి వెనక్కి తిప్పి, సుద్దముక్క పట్టుకున్నట్టు వేలు పెట్టి వీపు మీద గీయడం మొదలుపెట్టింది. ఇదిగో, మెడ చుట్టూ ఇక్కడి నుంచి. భుజాల మీదుగా ఇలా. చంకల్లో బాగా ఎక్కువగా. చేతుల మీద ఇక్కడి దాకా, మోచేతికి పైన, గిరి గీసినట్టు ఆగిపోయాయి. కింద నడుము దాకా. మొహాన లేవు. ముంజేతుల మీద లేవు. కాళ్ళ మీద... అక్కడ వేలు ఆగిపోయింది.

తను గీసిందేమిటో ఆవిడకు అర్థమైంది. అది పొట్టిచేతుల చొక్కా.

జ్వరం దిగి పిల్లాడు నీరసంగా పడుకుని ఉంటే సంతోషపెడదామని, అమ్మ కత్తిరించగా మిగిలిన ముదురు నీలం గుడ్డతో అప్పటికి చిన్నపిల్లైన టైలరమ్మ ఒక చొక్కా కుట్టింది. తను సొంతంగా కుట్టిన మొట్టమొదటి చొక్కా. గంజి ఇంకా అట్టలా ఉంది, రంగు చేతికి అంటుకుంటోంది. ఉతికితే మెరుపు పోతుందని ఉతక్కుండానే తొడిగింది. చిన్నోడు దాన్ని విప్పనని మారాం చేసి, చెమటలు పోస్తున్నా అందులోనే పడుకున్నాడు. ఆ చొక్కా సంగతి తరవాత ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుర్తున్నది మందు సీసా ఒక్కటే.

ఇదంతా టైలరమ్మ తమ్ముడి వీపుకే చెప్పింది. చిన్నోడు వెనక్కి తిరిగి, "నీలం చొక్కా నాకు గుర్తుందక్కా. దానికి జేబు తలకిందులుగా కుట్టావు. అందులో ఏం వేసినా పడిపోయేది" అన్నాడు. ఆవిడ అతని భుజం మీద ఒక్కటి వేసింది.

డాక్టరమ్మ తొందరపడి ఏమీ తేల్చలేదు. అది రంగు వల్లా కావచ్చు, జ్వరంతో పాటు వచ్చిన దద్దుర్లూ కావచ్చు, మందూ కావచ్చు, ఊహించి వదిలేసే విషయం కాదంది. చిన్నప్పుడు పడదని ముద్ర వేయించుకున్నవాళ్ళలో చాలామందికి పరీక్ష చేస్తే పడుతుందని తేలుతుందట. అలాగని ఇంట్లో ఒక మాత్ర వేసి చూద్దామనే పని మాత్రం ఎప్పుడూ చేయకూడదంది. నిజంగా పడనివాళ్ళకు అది ప్రాణాంతకం. పెద్దాస్పత్రిలో అన్నీ సిద్ధంగా పెట్టుకుని, దగ్గరుండి చూస్తారు, చీటీ రాసిస్తానంది.

చిన్నోడు అక్క వైపు తిరిగాడు. "నువ్వు వద్దంటే వద్దు. కాలు ఎలాగోలా నెట్టుకొస్తాను."

మరదలు తల వంచుకుని చీర కొంగు మెలిపెడుతోంది. టైలరమ్మ ఆ వేళ్ళనే చూసింది. తరవాత డాక్టరమ్మను ఒక్క మాట అడిగింది, "వాడి పక్కన నన్ను కూర్చోనిస్తారా?"

కూర్చోనిచ్చారు. పెద్దాస్పత్రిలో ముందు కొంచెం మందు ఇచ్చి ఆగారు. నర్సు వచ్చి నాడి చూసింది, నోరు తెరిపించి చూసింది. ఏమీ కాలేదని తేలాక మిగిలినది ఇచ్చి మళ్ళీ ఆగారు. టైలరమ్మకు నర్సు చూసింది చాల్లేదు. పదిమంది కూర్చున్న వార్డులో తమ్ముడి చొక్కా గుండీలు తనే విప్పి, వీపూ చంకలూ కుట్లు వెతికినట్టు వెతికింది. "అక్కా, అందరూ చూస్తున్నారే" అని అతను గింజుకుంటే, "చూడనీ" అంది. పొట్ట మీద ఎర్రగా కనిపించి నర్సును కేకేసింది. తీరా చూస్తే ప్యాంటు బెల్టు నొక్కుకున్న గుర్తు. మరదలు ఫక్కున నవ్వింది. నర్సు కూడా నవ్వింది. సాయంత్రానికి పెద్ద డాక్టరు వచ్చి, ఇతనికి పెన్సిలిన్ పడుతుందనీ, ఆలస్యంగా వచ్చే దద్దుర్లు కొన్ని ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు ఒంటిని గమనిస్తుండమనీ చెప్పాడు. టైలరమ్మ వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చింది. చూసినవాళ్ళందరూ సంతోషమనుకున్నారు.

ఆ తరవాత డాక్టరమ్మ మాత్రలు రాసింది. తిండికి ముందు, ఖాళీ కడుపున, పూటకూ పూటకూ సమానంగా ఎడం ఉండేలా వేసుకోమంది. దద్దుర్లు లేచినా, మొహం వాచినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి పరుగున రమ్మంది. జలుబు చేసిందనో గొంతు గరగరలాడిందనో వీటిని తీసి మింగొద్దని, అలాంటి జలుబులకు ఇవి పనిచేయవని హెచ్చరించింది. ఆ మాటలన్నీ టైలరమ్మ కాగితం మీద పెట్టకుండానే మనసులో కుట్టేసుకుంది. పిక్క మీద ఎరుపు త్వరగానే దిగింది. ఎరుపు దిగగానే చిన్నోడికి రెక్కలొచ్చాయి. లోడుందని ఫోనొచ్చింది, ఇంకా మాత్రలెందుకు, నాకు తగ్గిపోయిందిగా అన్నాడు.

"తగ్గింది పైకి," అంది టైలరమ్మ. "పైకుట్టు బాగుందని లోపల టాకాలు వదిలేసిన చొక్కా ఎన్నాళ్ళుంటుందిరా? డాక్టరమ్మ ఎప్పటిదాకా వేసుకోమందో అప్పటిదాకా వేసుకునే కదులుతావు."

కదల్లేదు. రాసినన్నీ అయిపోయాకే లారీ ఎక్కాడు.

ఇక చొక్కాల సంగతి. ఆ కుట్లు ఇక ఉండకూడదని డాక్టరమ్మే చెప్పింది. లేని గండాన్ని ఉందని చదివితే, రేపు ఏ ఆస్పత్రిలోనైనా పనికొచ్చే మందును పక్కన పెట్టేస్తారట. అందుకని టైలరమ్మ అరుగు మీద కూర్చుని, బ్లేడు ముక్కతో ఒక్కో అక్షరం గుడ్డ చిరగకుండా విప్పింది. కూరగాయల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు చూసింది అది. అంతకు మించి ఆ ఇంట్లో తగాదా లేదు, లాయరూ లేడు.

అయితే ఆవిడ దిగులుగా ఉందన్న మాట మాత్రం నిజం. సరిగ్గా తినడం లేదు. ఒకరి చొక్కాకు కాజాలు కుడి పక్క కుట్టేసి మళ్ళీ విప్పింది. వదిన మాటే తప్పని తేలినందుకు, అందుకు కారణం తనే అయినందుకు ఆవిడ మనసులో పెట్టుకుందేమోనని మరదలు లోలోపల నలిగిపోయింది. చిన్నోడు లారీ మీద వెళ్ళాడు కాబట్టి మధ్యలో మాట మోసేవాళ్ళు లేరు. చివరికి ఒక మధ్యాహ్నం రెండు కప్పుల్లో టీ పోసుకుని తనే కిందికి దిగింది. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"వదినా, సూటిగా అడుగుతున్నాను. నా మీద కోపమా? ఆయన బాగుపడ్డారుగా. మరి నీకెందుకింత దిగులు?"

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"నీ మీద కోపమెందుకే పిచ్చిదానా, నువ్వు లాక్కెళ్ళకపోతే వాడి కాలు ఏమయ్యేదో. అది కాదు. ఇన్నేళ్ళూ వాడికున్న గండం ఒక్కటే అనుకున్నాను. అదేంటో నాకు తెలుసు, అది రాకుండా చూసుకుంటే చాలు, వాడు ఎంత దూరం పోయినా చల్లగా తిరిగొస్తాడని నిశ్చింతగా పడుకునేదాన్ని. ఇప్పుడది లేదన్నారు. లేదనగానే మిగిలినవన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. తడి రోడ్లు, అరిగిన టైర్లు, ఎదురొచ్చేవాడి నిద్రమత్తు. ఒక్కదానికి భయపడటమే అలవాటైనదాన్ని, ఇన్నిటికి ఎలా భయపడాలో నాకు చేతకావట్లేదు. నువ్వు మొదట్నుంచీ వీటన్నిటితోనే కదే కాపురం చేస్తున్నావు. వాడు ఇంట్లో లేనప్పుడు నీకు నిద్రెలా పడుతుందో, నాకూ కాస్త నేర్పు."